పెంకిదాని ఎడం కాలు

మొన్న సాయంత్రం డెక్కలు చెక్కే కత్తిని గూట్లో పెట్టి, ఇక ఏ గుర్రం కాలూ పట్టనని చెప్పేసిన మామగారు ఈ ఉదయం కూడా మెత్తబడలేదు. వంటింటి గడప దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, చల్లారిపోయిన టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

పెరట్లో, శాలలో, పెంకి అనే గుర్రప్పిల్ల ముందరి ఎడం కాలు నేలకు ఆనించకుండా నిలబడి ఉంది. రాత్రి వేసిన గడ్డి సగం అలాగే మిగిలింది. పెంకి గడ్డి వదిలేసిందంటే దాని బాధ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. తలుపు గడియ, గోడ సున్నం, ఆరేసిన తువ్వాలు, ఏదీ వదలని రకం అది.

పుట్టిన రోజున పాలు తాగమని అందరూ కలిసి తల్లి వైపు తోస్తుంటే, అది గోడ వైపు తిరిగి నిలబడిందట. "ఇది పెంకిది" అన్నారు అత్తగారు. ఆ మాటే ఆ ఆడగుర్రప్పిల్లకు పేరైంది. ఇప్పుడు దానికి జీను అలవాటు చేసే వయసు. ఖాళీ జీను వేసుకుని పెరడంతా దర్జాగా తిరుగుతుంది గానీ, మనిషిని ఇంకా ఎక్కించుకోలేదు. మొదట ఎక్కేది కోడలేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు, అంతే.

ఆ పిల్లది ఒక్క కాలు నొస్తే ఇల్లంతా కుంటుతోంది.

పశువుల డాక్టరు నిన్న వచ్చి చూశాడు. డెక్క లోపల చీము పట్టింది, తౌడు కట్టు కట్టి మెత్తబరచండి, పండాక అడుగున చిన్న రంధ్రం చేసి చీము వదిలిస్తే తేలిపోతుంది అన్నాడు. ఆ చేసేది ఎవరంటే మామగారి వైపు చూసి, పెద్దాయన ఉండగా నేనెందుకు అని నవ్వి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. జీవితమంతా లాడాలు కొట్టి, డెక్కలు దిద్దిన మనిషి కదా. డాక్టరు మాటలో తప్పేం లేదు. ఆ మాట విన్నాక మామగారి ముఖం ఎలా అయిందో కోడలు ఒక్కతే చూసింది.

ఇవాళ బస్సు డ్యూటీ మానుకుని ఇంట్లో ఉన్న కొడుకు తండ్రి ఎదురుగా గోడకు చేరగిలబడి నిలబడ్డాడు. మణికట్టు మీద పాత మచ్చను గోక్కుంటున్నాడు. చిన్నప్పుడు నాన్న వద్దంటున్నా ఎర్రగా కాలిన లాడాన్ని ముట్టుకున్న గుర్తు అది. కోపం వచ్చినప్పుడల్లా దాన్ని గోక్కోవడం అతనికి అలవాటు.

"డాక్టరు ఊళ్ళో లేడట నాన్నా. ఇప్పుడే ఫోన్ చేశాను. నువ్వు చెయ్యనంటే అది ఇవాళంతా అలాగే నిలబడాలి."

"చేతిలో పట్టు తప్పింది" అన్నారు మామగారు.

"నిన్న దాణా మూట ఒక్కడివే మోసుకొచ్చావు. అప్పుడు తప్పలేదా పట్టు?"

"అది మూట. ఇది కాలు."

కొడుకు గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. కిందటి చలికాలం తల్లిగుర్రం పక్కకు తిరుగుతూ తోసేస్తే మామగారు మంచాన పడ్డారు. లేచి తిరిగేదాకా ఆయనకు స్నానం చేయించిందీ, చేయి పట్టి నడిపించిందీ ఈ కొడుకే. అప్పుడే తండ్రితో ఒక మాట తీసుకున్నాడు. నువ్వు చూసుకోగలిగినన్నాళ్ళు గుర్రాల గురించి నేను నోరెత్తను, చూసుకోలేని రోజు వచ్చిందా, తల్లినీ పిల్లనీ మంచిచోటికి పంపించేద్దాం అని. మంచం మీద ఉన్న మనిషి సరేననక ఏం చేస్తాడు?

ఆ రోజు వచ్చిందేమోనని ఇప్పుడు ఇల్లంతా భయపడుతోంది. అందరికంటే ఎక్కువ భయపడుతున్నది మామగారే.

"గుర్రపు స్వారీ నేర్పే బడి ఆయన్ని తీసుకొస్తాను" అన్నాడు కొడుకు చివరికి. "వాళ్ళకి సొంత డాక్టరు ఉన్నాడు, డెక్కలు చూసేవాళ్ళున్నారు. చూసి, నచ్చితే రెంటినీ తీసుకెళ్తాడు. కొట్టుకోవడం, అరుచుకోవడం ఎందుకు, వాటికీ సుఖం."

"గుర్రాలు పోతే మీ నాన్నని ఏ గుంజకి కట్టెయ్యమంటావురా?" అన్నారు పొయ్యి దగ్గర నుంచి అత్తగారు.

ఎవరూ నవ్వలేదు. కొడుకు భార్య వైపు తిరిగి, నువ్వేమంటావని అడిగాడు. తౌడు చెరుగుతున్న కోడలు తల ఎత్తలేదు. చేట ఇంకాస్త గట్టిగా కొట్టింది. అతను కాసేపు చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. వీధి తలుపు చప్పుడు చెయ్యకుండా మూశాడు. విసురుగా వేసుంటేనే అందరికీ కాస్త ఊరటగా ఉండేది.

తర్వాత అత్తగారు పళ్ళెం తెచ్చి మామగారి చేతిలో పెట్టారు. నిన్నటి నుంచి సరిగ్గా తినని మనిషి, ఏమనుకున్నారో గబగబా తినేసి, ఇంకొంచెం వెయ్యమని పళ్ళెం చాపారు. అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. వడ్డిస్తూ, ఎప్పుడూ అనే మాటే సరదాగా అన్నారు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు."

మామగారి చేయి అలాగే ఆగింది. పళ్ళెం కింద పెట్టి, చాలు అని లేచి, గోడ తడుముకుంటూ పెరటి వైపు వెళ్ళిపోయారు.

*

"నేనేమన్నానే ఇప్పుడు?" అన్నారు అత్తగారు. "పెళ్ళయినప్పట్నుంచీ అంటున్న మాటే కదా అది. ఎన్నడూ పళ్ళెం దించలేదు."

కోడలు పెద్ద గిన్నెలో వేడినీళ్ళు పోసి, ఉప్పు వేసి, తౌడు కలుపుతోంది. 

ఆవిడ పీట లాక్కుని కోడలి పక్కన కూర్చున్నారు. కట్టు కోసం పాత దుప్పటిని పేలికలుగా చింపడం మొదలుపెట్టారు. ఒక పేలిక చింపి, మడిచి, మోకాలి మీద పెట్టుకున్నాక, గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఆయన దగ్గర నాతో చెప్పని మాట ఒకటుంది. ఉందని తెలుసు, అదేదో తెలీదు. నీ దగ్గరా ఒకటుంది. మొన్నట్నుంచీ నా కళ్ళలోకి చూడట్లేదు నువ్వు. ఆ రెండూ ఒకటే అయితే చెప్పు తల్లీ, ఒక్కసారే ఏడుస్తాను."

కోడలి చెయ్యి తౌడులో ఆగిపోయింది. మాట నోటి దాకా వచ్చింది.

"కట్టు చల్లారిపోతుంది అత్తయ్యా" అని, గిన్నె పట్టుకుని లేచింది.

ఆ రెండూ ఒకటే. అదే కదా చిక్కు.

మామగారి కళ్ళు మసకబారుతున్నాయని ఈ ఇంట్లో మొదట కనిపెట్టింది కోడలు. కొక్కేనికి వేలాడుతున్న కొడుకు కోటును పలకరించడం చూసింది. గ్లాసు అంచు కోసం వేలితో వెతుక్కోవడం చూసింది. తల్లిగుర్రం తిరుగుతుంటే ఆయన పక్కకు తప్పుకోకపోవడానికి కారణం ఏమిటో అప్పుడు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? చెబితే గుర్రాలు వెళ్ళిపోతాయి. గుర్రాలు వెళ్ళిపోతే ఆయన ఏమైపోతారు?

అందుకని తనకు తోచిన ఉపాయం ఒకటి చేసింది. మామగారు డెక్కలు దిద్ది స్నానానికి వెళ్ళగానే, ఆకురాయి తీసుకుని శాలలోకి వెళ్ళేది. ఇక్కడ ఒక అంచు గరుకుగా ఉంటే నున్నగా చేసేది, అక్కడ మొన ఎక్కువైతే అరగదీసేది. ఆయన చేతి పని ఎప్పటిలాగే ఉందని అందరూ అనుకునేవారు. ఇదంతా ఆయనకు తెలియదని ఆమె అనుకునేది. మంచిపనే చేస్తున్నానని లోలోపల కాస్త మురిసేది కూడా.

పోయిన వారం పెంకి ఎడం డెక్క చూసేసరికి లోపలి అంచు ఎత్తుగా ఉంది. పాపం మామయ్య, కనిపించక వదిలేశారు అనుకుని, ఆకురాయితో బయటి అంచుకు సమానంగా దిద్దేసింది. దిద్దాక దూరం జరిగి చూసుకుంటే ముచ్చటేసింది. మర్నాడు పెంకి ఆ కాలితో అడుగు పొట్టిగా వేసింది. ఆ తర్వాత డెక్క వేడెక్కింది. ఆ తర్వాత కాలు నేలకు తగలనివ్వడం మానేసింది.

మామగారు ఆ డెక్కను ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో ఎంతసేపో తడిమారు.  కత్తి తీసుకెళ్ళి గూట్లో పెట్టేశారు.

తప్పు తనది, శిక్ష ఆయన వేసుకున్నారు.  తప్పు ఒప్పుకోవడానికి భయం లేదు. తప్పు చేస్తే నాలుగు తిట్లు తింటాం, దులుపుకుని లేస్తాం. కానీ ఈ తప్పు ఒప్పుకోవాలంటే ముందు, మీ కళ్ళు పోయాయి మామయ్యా, నేను ఇన్నాళ్ళూ మీ వెనక మీ పని దిద్దుతున్నాను అనాలి. ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది?

*

శాలకు రెండు ద్వారాలు. ఇంటి వైపు చిన్నది, పెరటి వైపు పెద్దది. పెద్ద ద్వారంలోంచి పొద్దుటి ఎండ శాల మధ్య దాకా పరుచుకుని ఉంది. పక్క గదిలో తల్లిగుర్రం నింపాదిగా గడ్డి నములుతోంది. పిల్ల బాధ దానికి తెలుసో లేదో గానీ, మధ్యమధ్య నమలడం ఆపి ఇటు చెవి పెడుతోంది.

కోడలు గిన్నె దించి, పెంకి మెడ మీద చేయి వేసింది. మెడ నుంచి భుజం, భుజం నుంచి మోకాలు, మోకాలి నుంచి చీలమండ, చేయి ఎక్కడా ఎత్తకుండా కిందికి జార్చి, "ఇవ్వమ్మా" అంది.

ఇలా అడగడం ఆమెకు నేర్పింది మామగారే. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో గుర్రం తుమ్మితే వంటింట్లోకి పరిగెత్తిన పిల్ల ఆమె. పెంకి పుట్టాక, ఇద్దరూ కొత్తవాళ్ళే, ఇద్దరికీ ఒకేసారి నేర్పుతాను అన్నారాయన. రోజూ నాలుగు కాళ్ళూ అడిగి తీసుకోవడం, ఒక్క క్షణం పట్టుకోవడం, మెల్లగా దించడం. అప్పుడు ఆయన పదే పదే చెప్పింది ఒకటే. కాలు అది లాక్కోకూడదు, మనమే తిరిగి ఇవ్వాలి. అది లాక్కుందంటే మనల్ని నమ్మనట్టు. మనం ఇచ్చామంటే, రేపు మళ్ళీ ఇస్తుంది.

ఆ రోజు నుంచి పెంకి ఒక్కసారి కూడా కాలు లాక్కోలేదు. అడగకముందే ఎత్తి చూపించి, ఇంకా పట్టుకోవేమన్నట్టు తిరిగి చూసేది.

ఇప్పుడు చీలమండ తగలగానే ఒళ్ళంతా బిగుసుకుంది. కోడలు మళ్ళీ అడిగింది. కాలు కాస్త లేచింది. అరచేతిలోకి వచ్చింది అనుకునేలోగా పెంకి ఒక్క లాగు లాగింది. కోడలు వెనక్కి గడ్డిలో పడింది. తౌడు గిన్నె దొర్లిపోయింది.

దెబ్బేం తగల్లేదు. అయినా కోడలు లేవలేదు. పడ్డచోటే కూర్చుని, అన్నాళ్ళుగా బిగబట్టిన ఏడుపు ఏడ్చేసింది. పెంకి మూడు కాళ్ళ మీద గెంతుతూ దగ్గరికొచ్చి ఆమె జుట్టును ముక్కుతో కదిపింది. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"లాక్కుందా?" అన్న మాట వినిపించింది.

మామగారు గోడ పక్క నీడలో, గడ్డిమోపు మీద కూర్చుని ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో.

కోడలు చెంపలు తుడుచుకుంది. ఇక ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననుకుంది.

"మామయ్యా, ఇది మీ కత్తి వల్ల కాదు. లోపలి అంచు మీద ఆకురాయి పెట్టింది నేను."

ఆయన మోకాళ్ళకు అంటిన గడ్డి దులుపుకున్నారు.

"ఎందుకు పెట్టావని అడగరా?"

"అడగను."

"అడగండి."

"అడిగితే నువ్వు చెప్పాల్సి వస్తుంది" అన్నారాయన.

తల్లిగుర్రం నమలడం ఆపింది. కోడలికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు.

"మీకు తెలుసా?"

"ఆకురాయి పళ్ళు గోడవైపు ఉండేలా పెట్టడం నా అలవాటు. పొద్దున వచ్చి చెయ్యి వేస్తే ఇటు తిరిగి ఉండేది. మా ఇంట్లో ఎలుకలు ఆకురాయి పట్టవు కదా."

మొదట చాలా కోపం వచ్చిందట ఆయనకు. నా పని దిద్దేంతటి వాళ్ళయ్యారా అని రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదట. తర్వాత ఉండబట్టలేక, ఆమె దిద్దిన డెక్కల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూసుకున్నారు. అంచు సమంగా వచ్చింది, ఎక్కడా తొందర లేదు. చెయ్యి బాగుందే అనిపించింది. ఆ తర్వాత నుంచి ప్రతి డెక్కకూ ఆమె కోసమని కొంచెం వదిలిపెడుతూ వచ్చారు. ఒకసారి మడమ దగ్గర, ఒకసారి మొన దగ్గర. కనిపెడుతుందా లేదా అని చూసేవారు. ప్రతిసారీ కనిపెట్టేది.

"అంటే అవేవీ తప్పులు కావా?" అంది కోడలు. ఏడుపులో నవ్వొచ్చింది.

"కొన్ని తప్పులే. ఉన్నదంతా గొప్పగా ఎందుకు చెప్పుకోవడం?"

"మరి ఈ కాలు?"

మామగారు లేచి, గోడ మీద చేయి పెట్టుకుంటూ వచ్చి పెంకి పక్కన నిలబడ్డారు. అది ఆయన భుజానికి తల ఆనించింది.

"దీనికి ఈ కాలు పుట్టుకతోనే ఓ పిసరు లోపలికి తిరిగి ఉంటుంది. నిలబెట్టి చూస్తే తెలీదు. లోపలి అంచు కాస్త ఎత్తుగా వదిలితే హాయిగా నడుస్తుంది. డెక్కని కాలికి సరిపెట్టాలమ్మా, నేలకి కాదు. ఆ ముక్క నీకు చెప్పి ఉండాల్సింది. చెబితే, నీ పని నాకు తెలుసని నీకు తెలిసిపోతుంది. తెలిస్తే సిగ్గుపడి మానేస్తావేమోనని ఊరుకున్నాను. నోరు మూసుకుని పాఠం చెబుదామనుకున్నాను చూడు, నాదీ బుద్ధే."

"మరి కత్తి ఎందుకు పెట్టేశారు? తప్పు మీది కాదని తెలిసి కూడా?"

 పెంకి నుదుటి మీద మెల్లగా నిమిరారు.

"భయమేసింది" అన్నారు. "చీము తియ్యాలంటే అడుగున నల్లచుక్క కనిపించాలి. వేడి ఎక్కడుందో నా వేలికి తెలుస్తుంది. నలుపు వేలికి తెలీదు. కత్తి వెంట్రుకవాసి పక్కకి పోతే దీని కాలు పోతుంది. చెయ్యలేనని వాడితో చెబితే గుర్రాలు పోతాయి. ఏం చెయ్యను చెప్పు? కూర్చున్నాను."

అంత పెద్దమనిషి భయమేసిందని చెబుతుంటే కోడలు దగ్గరికి జరిగింది. ఆయన చేయి పట్టుకుంది. గరుకుగా, వెచ్చగా ఉంది. 

తర్వాత ఆమె ఇంట్లోకి వెళ్ళి, గూట్లోంచి కత్తి తీసుకొచ్చింది. దారిలో అత్తగారు ఎదురై కత్తి వైపు, కోడలి ఎర్రబడ్డ కళ్ళ వైపు చూసి, ఏమీ అడగకుండా ఇంకో గిన్నెలో వేడినీళ్ళు పోసి చేతికిచ్చారు.

"మీ వేలు, నా కళ్ళు" అంది కోడలు శాలలోకి వస్తూనే.

మామగారు పీట వేసుకుని కూర్చున్నారు. ఈసారి కాలు ఆయనే అడిగారు. భుజం నుంచి చీలమండ దాకా చేయి జారుస్తూ పెంకితో ఏదో గొణిగారు. కోడలికి వినిపించలేదు. పెంకి వణికింది. కాలు సగం ఎత్తి, ఆపి, ఊపిరి వదిలి, ఆయన ఒళ్ళో పెట్టేసింది.

బురద కడిగాక డెక్క అడుగు ఎండలో తెల్లగా మెరిసింది. మామగారి బొటనవేలు అంచు వెంట మెల్లగా నడిచింది. ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగింది. నొక్కగానే పెంకి చెవులు వెనక్కి పెట్టింది.

"ఇక్కడ. ఏం కనిపిస్తోంది?"

"ఏం లేదు మామయ్యా. తెల్లగా ఉంది."

"పలచగా ఒక పొర తియ్యి. ఉల్లిపొర అంత."

తీసింది.

"ఇంకోటి."

రెండో పొర కింద ఆవగింజంత నలుపు కనిపించింది. చెప్పింది. మామగారు ఊపిరి బిగబట్టారు. కత్తి మొన అక్కడ ఆనించి, లోపలికి పొడవకుండా, గుండ్రంగా తిప్పమన్నారు. ఆయన తన చేతిని కోడలి మణికట్టు కింద పెట్టారు. నడిపించలేదు, ఊరికే ఆధారంగా పెట్టారు. కత్తి ఒక చుట్టు తిరిగింది. ఇంకో సగం చుట్టు తిరిగింది. బూడిదరంగు నీరు చుక్కగా వచ్చి, ఆ వెనకే చీము జారింది. దుర్వాసన గుప్పుమంది.

పెంకి పొట్టలోంచి పెద్ద నిట్టూర్పు వదిలింది. తల కిందికి వేలాడేసి, పెదాలు నాక్కుంది.

"వచ్చింది మామయ్యా, వచ్చేసింది."

"వాసనొచ్చిందమ్మా, నాకు కళ్ళేగా లేనిది" అని నవ్వారాయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కాలు అప్పుడే దించొద్దు. అంతా కారనీ. అయ్యాక మనమే ఇద్దాం."

సరిగ్గా అప్పుడు ఇంటి వైపు ద్వారంలో కోడలికి భర్త కనిపించాడు.

స్వారీ బడి ఆయన్ని ముందుగదిలో కూర్చోబెట్టి వచ్చినట్టున్నాడు. మాటలు వినిపిస్తున్నాయి, అత్తగారు ఏదో మర్యాద చేస్తున్నారు. అతను గడ్డి మీద చప్పుడు లేకుండా నాలుగడుగులు లోపలికి వచ్చి ఆగాడు. పెద్ద ద్వారంలోంచి పడుతున్న ఎండ నేరుగా అతని ముఖం మీద పడుతోంది. చొక్కా గుండీలు కూడా ఆమెకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అతను ముందు భార్య చేతిలోని కత్తిని చూశాడు. తండ్రి ఒళ్ళో కాలు చూశాడు. కారిపోతున్న చీము చూశాడు. ముఖం విప్పారింది, ఏదో సంతోషంగా అనబోయాడు.

ఈలోగా మామగారు మనిషి అలికిడి పసిగట్టి తల ఎత్తారు. సూటిగా కొడుకు ముఖంలోకే చూశారు. పరాయివాళ్ళను చూసి నవ్వే మర్యాద నవ్వు నవ్వారు.

"ఎవరండీ? స్వారీ బడి నుంచేనా? రండి, కూర్చోండి" అన్నారు. "చూశారుగా, పని మధ్యలో ఉన్నాం. మా అబ్బాయి ఏడీ, మీతో రాలేదా?"

కొడుకు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

అతను భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. చూస్తూ ఉంది, అంతే. ఆ చూపులో అతనికి తల్లిగుర్రం తోసిన సంగతి, కత్తి గూట్లోకి వెళ్ళిన సంగతి అన్నీ ఒక్కొక్కటిగా అందుతున్నట్టు ముఖం మారుతూ వచ్చింది. ఇప్పుడు నోరు విప్పితే గొంతు గుర్తుపట్టేస్తారు. తండ్రి తనను పోల్చుకోలేదన్న సంగతి కొడుక్కి తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోతుంది. మొన్నట్నుంచీ కోడలి నోరు నొక్కేసింది కూడా సరిగ్గా ఇలాంటిదే.

"ఎవరండీ?" అని మామగారు మళ్ళీ అడిగారు. ఈసారి గొంతులో కాస్త బెదురు ఉంది.

కొడుకు వచ్చి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏమీ అనకుండా చేయి చాపి, తండ్రి ఒళ్ళో ఉన్న డెక్క కింద పెట్టి, ఆ బరువు తన చేతిలోకి తీసుకున్నాడు.

మామగారి చేయి ఆ చేతికి తగిలింది. బొటనవేలు అలవాటుగా తడుముతూ మణికట్టు దాకా వచ్చింది. మచ్చ మీద ఆగింది. అక్కడి నుంచి ఇక కదల్లేదు.

ఇంటి వైపు నుంచి అడుగులు దగ్గరయ్యాయి.

"ఏమండీ, గుర్రాల్ని చూడొచ్చా?" అన్నాడు స్వారీ బడి ఆయన, ద్వారం అవతల నిలబడి.

కొడుకు తిరిగి చూడలేదు. కాలు వదల్లేదు.